మాకు తెలియకుండా

స్పెయిన్‌లోని ముర్సియా నుంచి ఫోను రెండింటికి అన్నారు. రెండు దాటింది. వాళ్ల మీటింగు ఇంకా అవలేదట, అయ్యాక కలుపుతారట. ఆ ముక్క మెసేజిలో పెట్టి పక్కన నవ్వు మొహం బొమ్మ కూడా పెట్టింది అక్కడ మా మిరపకాయలు కొనే నూరియాగారు. ఆవిడకేం, నవ్వుతుంది. కొనేవాళ్లు నవ్వితే మర్యాద, అమ్మేవాళ్లు నవ్వితే బతిమాలుకోవడం. కరెంటు పోయి చాలాసేపయింది. జనరేటరు గుడగుడమని తిరుగుతూనే ఉంది గానీ అది కోల్డ్ స్టోరేజీ గదులకే, ఈ ఆఫీసు గదికి దాని లైను లేదు. మిరపకాయలు చల్లగా ఉండాలి, మనుషులు ఎట్లా ఉన్నా పరవాలేదు. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగుంది, ఫోనులో నెట్టుంది, నాలోనే ఏమీ లేదు. బల్ల మీద తల ఆనించి కళ్లు మూసుకుని నోట్లో నోట్లో అనుకుంటున్నాను. తువియేరా, ఎస్తువియేరా, అందువియేరా, పుదియేరా, పుసియేరా, సుపియేరా. సుపియేరా దగ్గరికి వచ్చేసరికి నాలుక ఆగిపోతోంది. ఈ పూట నాకు కావలసింది అదొక్కటే. మిగతావన్నీ దాన్ని తప్పించుకోవడానికి చదువుతున్నాను.

నిరోష మేడం హైదరాబాదు నుంచి ఆన్‌లైన్లో స్పానిష్ చెబుతుంది, పొద్దున్నే, ఆవిడ పిల్లలు స్కూలుకి పోయాక, నేను బస్సెక్కే ముందు. ఇది జరగనివాటి రూపం షబీనా, అంది ఈ పాఠం మొదలుపెట్టిన రోజు. జరగనివి, జరిగితే బాగుండుననుకున్నవి, జరుగుతాయేమోనని భయపడ్డవి, ఒకళ్లు ఇంకొకళ్లని చెయ్యమని అడిగినవి, ఒకళ్లకి తెలియకుండా ఇంకొకళ్లు చేసినవి, అన్నిటికీ ఇదేనట. వాళ్లు చేశారు అనే మాట తీసుకో, చివరున్న రోన్ తుంచెయ్, రా పెట్టు, అంతే. కాయకి తొడిమ తుంచినట్టే కదా అనుకున్నాను. అంతే అని ఎవరన్నా అంటే అది అంతటితో పోదని నాకు ముప్పై దాటినా తెలిసిరాలేదు. మనకి తెలుగులో ఉంటే అనే ఒక్క ముక్క చాలు. వచ్చుంటే, తినుంటే, చెప్పుంటే, బతికుంటే. ఏ క్రియా అలగదు, అందరూ ఒకే పంక్తిలో కూచుని భోంచేస్తారు. అక్కడ అట్లా కాదు, పెళ్లిలో మేనమామల్లా ఒక్కోటీ ఒక్కో చోట అలిగి కూచుంటుంది. చెప్పడం, దెసీర్ కాస్తా దిహేరా అవుతుంది, తేవడం, త్రయేర్ త్రహేరా అవుతుంది. నడవడమంత అమాయకమైన పని, అందార్, అది కూడా సాఫీగా నడవదు, అందువియేరా అని మధ్యలో ఒక వంకర తిరిగి వస్తుంది. నరసరావుపేట బస్టాండులో చిలకలూరిపేట బస్సెక్కి కిటికీ పక్కన కూచుని వీటినే గొణుక్కుంటుంటే పక్కనున్న ముసలామె మోకాలి మీద చెయ్యేసి, దువా చదువుతన్నావా తల్లీ, మా మనవడికి జరం తగ్గట్లా, ఆడి పేరు కూడా ఒకసారి అనుకో, సుభానీ, అంది. కాదని ఎట్లా చెప్పను. పుదియేరాకీ కిసియేరాకీ మధ్య సుభానీ అనుకున్నాను. తగ్గే ఉంటుంది జ్వరం. దేవుడికి స్పానిష్ రాకుండా ఉంటుందా.

నాకు ఈ భాష ఎందుకు అని అడగనివాళ్లు మా వీధిలో లేరు. కాయ ఆ దేశం పోతుంది కాబట్టి అని చెబితే, కాయతో ఏం మాట్లాడతావే అని నవ్వేవాళ్లు. ఇదివరకు మధ్యలో ఒక ఏజెంటు ఉండేవాడు, ముర్సియావాళ్లు ఒకటంటే ఇక్కడ ఇంకోటి చెప్పేవాడు. మా ఓనరు గోపీచంద్ గారికి వాడంటే ఒళ్లు మంట. ఓ రోజు నేను బిల్లులు రాస్తుంటే నా బల్ల దగ్గరికొచ్చి, అమ్మాయ్, నీకు నోరుంది, బుర్రుంది, నువ్వు నేర్చుకో, ఆడి పీడ వదుల్చుకుందాం అన్నాడు. పొంగిపోయాను. ఎందుకు అబద్ధం, చాలా పొంగిపోయాను. ఎవరన్నా కొత్తవాళ్లొస్తే, మా షబీనాకి స్పానిష్ వచ్చు తెలుసా అని, కొత్తగా బిగించిన గ్రేడింగు మిషను చూపించినట్టు నన్ను చూపించేవాడు. ఆయన చెడ్డవాడైతే నాకు ఈ మధ్యాహ్నం ఇంత కష్టం ఉండేది కాదు. నాన్నకి గుండెల్లో నొప్పొచ్చిన రోజు గుంటూరు పెద్దాసుపత్రికి తన కారిచ్చి, తనే నడుపుకుంటూ వచ్చాడు. అది ఆయన ఎప్పుడూ గుర్తు చెయ్యడు. నాకే గుర్తొస్తుంది, అవసరం లేనప్పుడల్లా.

రెండేళ్లు తియ్యగానే గడిచాయి. ధరలు, తేమ, ఓడ ఎప్పుడొస్తుంది, అక్కడ వానలా, ఇక్కడ ఎండలా, నూరియాగారి కుక్కకి కాలు విరగడం, అది మళ్లీ నడవడం. ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి, మధ్యలో నా నోరు. మొన్న ముర్సియాలో మా కంటైనరు తలుపు తీశారు. తియ్యగానే బూజు వాసన. ఫోటోలు పంపింది నూరియాగారు, ఎర్రటి కాయ మీద బూడిద జల్లినట్టు తెల్లగా. ఎట్లా జరిగిందో చెప్పండి, ఎవరి వల్ల జరిగిందో చెప్పండి, అప్పుడు ఆలోచిద్దాం అంది. రాత్రంతా గోపీచంద్ గారు ఆలోచించి పొద్దున్నే నా ఫోనుకి తెలుగులో రెండు లైన్లు పెట్టాడు, ఇవి దాంట్లోకి మార్చుకో అని. కూలీలు మాకు తెలియకుండా నీళ్లు కొట్టారు. మేస్త్రిని పనిలోంచి తీసేశాం. ఇంతే. మొదటి లైను బస్సులోనే మార్చాను, లాస్ త్రబహదోరాస్ ఎచారోన్ ఆగువా, సిన్ కె లో సుపియేరమోస్. సుపియేరమోస్, మేము ఎరుగకుండా. తప్పులేని వాక్యం. నిరోష మేడం చూస్తే మెచ్చుకునేది. రెండో లైను ఇంకా మార్చలేదు. మేస్త్రి మా అమ్మ.

నీళ్లు కొట్టడం తెలియకపోవడమేంటి, ఈ చుట్టుపక్కల పుట్టిన కోడిపిల్లకి కూడా తెలుసు. కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన కాయ కొన్నాళ్లకి పెళపెళలాడుతుంది, పట్టుకుంటే విరుగుతుంది, గింజ రాలుతుంది, ఘాటు లేచి షెడ్డు షెడ్డంతా దగ్గుతుంది. అందుకని తొడిమలు తుంచే ముందురోజు సాయంత్రం కాయ మీద సన్నగా నీళ్లు కొట్టి పట్టా కప్పుతారు. తెల్లారేసరికి కాయ తోలులా మెత్తబడి, మెలి తిప్పితే తొడిమ చేతిలోకి వచ్చేస్తుంది. తర్వాత ఎండలో పోసి మళ్లీ గలగలమనేదాకా ఆరబెట్టి టిక్కీ గోతాల్లోకి ఎత్తుతారు. మా అమ్మమ్మ చెంబుతో చల్లేది, అమ్మ మోటారు పంపుతో కొడుతుంది. ఆ పంపు కొని తెచ్చింది గోపీచంద్ గారే, ఆయుధపూజకి దానికి బొట్టు కూడా పెట్టాడు. మా షెడ్డులో గ్రేసమ్మకి ఆయాసం, పొడి కాయ మధ్య ఆమె కూచోలేదు, అందుకని అమ్మ ఇంకో విడత ఎక్కువే కొడుతుంది. ఎప్పుడూ కొడుతుంది. ఎప్పుడూ ఆరుతుంది. ఆ లోడుకి మాత్రం ఆరలేదు, మబ్బు పట్టింది, లారీ వచ్చి గేటు దగ్గర నిలబడింది, ఓడ టైము అన్నారు. ఒక్క రోజు ఎండ పడనియ్యి అయ్యా, కాయలో తడి అట్టానే ఉంది, అంది అమ్మ. నేను తూకం కాయితాలు పట్టుకుని అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఓడ మీద పోయేసరికి అదే ఆరుద్దిలే మాబున్నీ, ఎత్తించు, అన్నాడు ఆయన. ఎత్తించింది. ఎత్తించమంటే ఎత్తించక ఏం చేస్తుంది.

పొద్దున ఆ రెండు లైన్లూ అమ్మకి చదివి వినిపించాను. ఎందుకు వినిపించానో, తిడుతుందనేమో. తిడితే నాకు ఒక దారి దొరికేది. పెనం మీద రొట్టె తిప్పుతూ విని, చెప్పేసెయ్యే, అంది. ఆ దేశమోళ్లు నన్ను చూశారా, చూడబోతారా. మాటకేమన్నా ఘాటుంటదా ఏంది, ఒంటికి అంటుకోటానికి. ఆయనేదో నెల్లాళ్లు ఇంటికాడ కూచోమంటాడు, కూచుంటా. నీ ఉజ్జోగం నిలబడితే చాల్లే. అంది, రొట్టె నా పళ్లెంలో వేసింది. మరి మిగతా ఆడవాళ్లు, గ్రేసమ్మా వాళ్లు, నువ్వు లేకపోతే వాళ్లని ఎవరు పిలుస్తారు పనికి, అన్నాను.  స్టవ్ సన్నం చేసింది, పెద్దది చేసింది. నాకు ఆ చెప్పేసెయ్యే అన్నదే ఇంకా మోస్తున్నట్టుంది, పొద్దుట్నుంచీ, భుజం మీద. ఒద్దని ఏడ్చే అమ్మలుంటారు, తిట్టే అమ్మలుంటారు. సరేనన్న అమ్మని ఏం చేసుకోవాలి. చిన్నప్పుడు నేనేడిస్తే అమ్మ చేత్తో కళ్లు తుడిచేది కాదు. వేళ్ల నిండా కారం, ఎంత కడిగినా పోదు, రాత్రిళ్లు పెరుగు రాసుకుని పడుకునేది. మోచేతి మడతతో తుడిచేది, ముఖాన్ని అట్లా చంకలోకి లాక్కుని. అందరి అమ్మలూ అట్లాగే తుడుస్తారనుకున్నాను, స్కూల్లో సనా వాళ్లమ్మ కొంగు వేలికి చుట్టి సుతారంగా తుడవడం చూసేదాకా. చూసి వచ్చి అమ్మని నువ్వూ అట్లా తుడువు అన్నాను. సెలవులొచ్చినప్పుడు తుడుస్తాలే అంది. మిరపకాయలకి సెలవులెప్పుడొస్తాయి.

తువియేరా, ఉవియేరా, వినియేరా. ఇసియేరా, చేసి ఉంటే. దుర్మియేరా, నిద్రపోయి ఉంటే. ఎంత బాగుండును, ఈ బల్ల మీదే, ఈ ఉక్కలోనే, ఎవరూ ఫోను చెయ్యకుండా. నాకు అలసటగా ఉంది. పని ఎక్కువై కాదు, నిద్ర చాలక కూడా కాదు, ఇంకొకళ్ల మాటలు నా నోట్లో పెట్టుకుని తిరిగీ తిరిగీ. ఉండటానికీ పోవటానికీ వాళ్లకి ఈ రూపంలో ఒకటే మాట, ఫుయేరా. అది చెప్పిన రోజు మేడం నవ్వుతూ, ఒకటి గుర్తుపెట్టుకుంటే రెండు వచ్చేస్తాయి చూడు, ఎంత లాభమో అంది. నాకు నాన్న గుర్తొచ్చాడు. మెకానిక్ అబ్దుల్ రహీమ్ అంటే లారీల వాళ్లందరికీ తెలుసు, ఎప్పుడూ ఏదో ఒక లారీ కింద పడుకుని ఉండేవాడు, ఏమడిగినా కిందనుంచే జవాబు. కాళ్లతో మాట్లాడినట్టుండేది మాకు. నాన్న ఉండి ఉంటే ఈ పూట ఏమనేవాడు? నిజమే చెప్పమ్మా అనేవాడని మాత్రం అనుకోను. ఆయన అబద్ధాలు చక్కగా చెప్పేవాడు. రేపు పొద్దుటికల్లా అయిపోద్ది అన్నా, నాదీ పూచీ అనేవాడు, ఇంజను ముక్కలు ముక్కలుగా గోనె పట్టా మీద పరిచి ఉండగానే. డ్రైవర్లకీ తెలుసు అది అబద్ధమని, టీ తాగి పోయేవాళ్లు. కానీ ఆయన అబద్ధాలన్నీ రేపటి మీద చెప్పేవి, మనుషుల మీద చెప్పేవి కావు. పాడైన సామాను తన కింద పనిచేసే కుర్రాడు బిగించాడని ఎన్నడూ అనలేదు. ఆ తేడా నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే మాత్రం ఏం చేసేదాన్ని, అప్పుడు నాకు స్పానిష్ లేదు, ఉద్యోగం లేదు, పోగొట్టుకోవడానికి ఏమీ లేదు.

కిటికీలోంచి షెడ్డు కనిపిస్తోంది. కరెంటు లేకపోయినా వాళ్ల పనికేం ఆగదు, రేకుల కింద వరసగా కూచుని ముక్కుకి పాత చున్నీలు చుట్టుకుని తుంచుతున్నారు. అందరి తలలూ ఎర్రటి దుమ్ముతో ఒకే రంగు. అమ్మ మాత్రం నిలబడి ఉంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎవరినో ఏదో అంటోంది. అందరూ నవ్వుతున్నారు, గ్రేసమ్మ నవ్వి నవ్వి దగ్గుతోంది. ఒకవేళ రేపు అమ్మ అక్కడ లేకపోతే ఆ జాగా ఎట్లా ఉంటుందో చూద్దామని కళ్లు చికిలించి అమ్మని చెరపబోయాను. చెరగలేదు. నేను చెప్పకపోతే? చెప్పకపోతే ఆయన ఇంకో ఏజెంటుని పెట్టుకుని చెప్పిస్తాడు. నేను పోతాను, అమ్మా పోతుంది, మాట మాత్రం ముర్సియా చేరుతుంది. చెబితే నేనుంటాను. లెక్క చూస్తే చెప్పడమే మేలు, అమ్మ పొద్దున్నే ఈ లెక్క చేసేసి రొట్టె తిప్పింది. నాకే ఇంకా తెమలడం లేదు. డిగ్రీ బీకామ్ మరి.

"ఏందమ్మాయ్, నిద్రపోతన్నావా?" గోపీచంద్ గారు మెడ తుడుచుకుంటూ వచ్చాడు, నా పక్కకి కుర్చీ లాక్కున్నాడు. తల దువ్వుకున్నాడు, చొక్కా మార్చాడు. "రాలేదా ఇంకా ఫోను? నేర్చుకున్నావుగా ముక్క, తడబడమాక. రెండు మాటలు, అయిపోద్ది." తర్వాత కిటికీ వైపు చూడకుండా, "నెల్లాళ్లేనే. మళ్లీ పిలుచుకోనా ఏంది మీ అమ్మని. నాకు మాత్రం ఎవరున్నారు అంత పనోళ్లు," అన్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు. ఆయన బాధ చూస్తే ఇంకా అలసటొచ్చింది, దాన్ని కూడా నేనే ఎక్కడికో మోసుకెళ్లాలన్నట్టు. సరేనండీ అన్నాను. ల్యాప్‌టాప్ మోగింది.

నూరియాగారి మొహం వచ్చింది, కళ్లద్దాలు తల మీదికి నెట్టుకుని. కే తాల్, షబీనా. బాగున్నాను, మీ కుక్క బాగుందా. బాగుంది, మెట్లెక్కుతోంది. గోపీచంద్ గారు పక్కనుంచి కెమెరాకి నమస్కారం పెట్టాడు. ఆవిడ కాగితం ముందు పెట్టుకుంది, పెన్ను తీసింది, ఇక చెప్పు, ఎట్లా జరిగింది అంది.  లాస్ త్రబహదోరాస్ ఎచారోన్ ఆగువా, అన్నాను. కూలీలు నీళ్లు కొట్టారు. ఇంతవరకూ నిజమే, ఇంతవరకూ ఎవరన్నా చెప్పొచ్చు. సిన్ కె, అన్నాను. తర్వాతి మాట నోట్లోనే ఉంది, వందసార్లు తిప్పిన మాట, మెత్తబడి తొడిమ వదిలేసిన మాట. నేను ఆగడం చూసి, భాష తట్టక ఆగాననుకుందేమో, ఆవిడే నాకు సాయం చేద్దామని తేలిక ప్రశ్న వేసింది. ఈ కూలీల పని ఎవరు చూస్తారు? ఎవరావిడ? పెన్ను కాగితం మీద పెట్టి ఎదురుచూస్తోంది, పేరు రాసుకోవడానికి. ఆ పెన్ను కొస చూశాను. అక్కడ రాస్తుంది, మాబున్నీసా అని, తప్పుగా రాస్తుంది, రాసి పక్కన ఒక గీత గీస్తుంది.

మి మాద్రే, అన్నాను. మా అమ్మ.

తర్వాత ఆగలేదు. తప్పులున్నాయో లేవో చూసుకోలేదు, చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పాను. మా అమ్మ నీళ్లు కొట్టింది. ఎప్పుడూ కొడుతుంది, లేకపోతే ఆడవాళ్లు దగ్గుతారు, ఒకామెకి ఊపిరాడదు. తర్వాత ఎండబెడుతుంది. ఆరోజు ఎండ లేదు. ఒక్క రోజు ఆగమని మా అమ్మ అడిగింది. ఓనరు ఆగలేదు, ఎత్తించమన్నాడు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. ఆయనకి నీళ్ల సంగతి తెలుసు, నాకూ తెలుసు. నూరియాగారు పెన్ను కింద పెట్టేసింది. ఓనరంటే, నీ పక్కనున్న ఆయనేనా, అంది మెల్లగా. ఆయనే, అన్నాను. ఆవిడ చూపు తన మీదికి రావడం చూసి గోపీచంద్ గారు నవ్వి మళ్లీ నమస్కారం పెట్టాడు. ఆవిడ కాసేపు ఆయన్నే చూసింది, తర్వాత నన్ను చూసింది. నువ్వు చెప్పింది నాకు అర్థమైంది, నమ్ముతున్నాను, సాయంత్రం ఆయనకే ఇంగ్లీషులో మెయిలు రాస్తాను, అంది. థాంక్స్ అంది. నేనూ అన్నాను. తెర నల్లబడింది. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయి ఉంది, భయమేసింది, చాలా భయమేసింది, కానీ పొద్దుట్నుంచీ భుజం మీదున్నది మాత్రం అక్కడ లేదు.

గోపీచంద్ గారు కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. "మాద్రే అన్నావ్, మదర్ అనేగా? విన్నాలే. మీ అమ్మేనని కూడా చెప్పేశావన్నమాట. గట్టిదానివే." ఒక్క క్షణం ఆలోచించి తలూపాడు. "అదీ మంచిదేలే. సొంత మనిషినే తీసేశామంటే ఇంక అనుమానమేంది. నమ్మిందా మరి?"

"నమ్మిందండీ," అన్నాను.